వయసు మించిందన్నారు.. సిపాయిగా చేరాడు

నోటిఫికేషన్ పడిందంటే ముందు పోస్టులెన్నో చూస్తాం. తర్వాత అర్హత చూస్తాం. మూడో చూపు గరిష్ఠ వయోపరిమితి మీద పడుతుంది. అక్కడే కొందరికి గుండె జారిపోతుంది. రెండేళ్లు నోటిఫికేషనే రాలేదు, మూడో ఏడు వచ్చేసరికి వయసు దాటిపోయింది. తప్పెవరిదో అడగడానికీ ఉండదు. స్టడీ హాల్లో ఇలాంటి వాళ్లు బెంచీకి ఒకరైనా కనిపిస్తారు.

నూట పదేళ్ల కిందట ఇంగ్లండ్‌లో ఒకతనికి ఇదే జరిగింది. ఊరంతా తెలిసిన మనిషి, దేశం తరఫున ఆడిన ఆటగాడు, ఓ మ్యాచ్‌లో జాతీయ జట్టుకు కెప్టెన్ కూడా. మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే సైన్యంలో ఆఫీసర్‌గా తీసుకోమని దరఖాస్తు పెట్టుకున్నాడు. అప్పుడతనికి 32 ఏళ్లు. వయసు ఎక్కువైందని తిరస్కరించారు. అతని పేరు ఎడ్గార్ మాబ్స్. ఆ తిరస్కరణ తర్వాత అతను వేసిన అడుగు వల్ల అతనికి ఊరి నడిబొడ్డున ఓ స్మారకం వెలిసింది. అతని పేరుతో 1921లో మొదలైన ఛారిటీ రగ్బీ మ్యాచ్ ఈ శతాబ్దంలోనూ కొనసాగింది. ఆ అడుగు వల్లే చాలా ఇళ్లలో కొడుకులు తిరిగి రాలేదు. ఈ రెండో మాట కూడా చెప్పకపోతే అతని కథ సగమే చెప్పినట్టవుతుంది.

జీతం లేని ఆట

మాబ్స్ 1882 జూన్ 29న నార్తాంప్టన్‌లో పుట్టాడు. లండన్‌కు ఉత్తరాన ఉన్న ఊరు. బూట్ల తయారీకి పేరు. వీధి వీధికీ తోలు పని, కుట్టు పని. చదువు దగ్గర్లోనే ఉన్న బెడ్‌ఫర్డ్ మోడర్న్ స్కూల్లో.

మనలో చాలామంది రగ్బీని టీవీలో చూసి ఉంటారు గానీ రూల్స్ పెద్దగా పట్టవు. నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతి, జట్టుకు 15 మంది. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తొచ్చు, తన్నొచ్చు, కానీ చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో మాత్రమే అందించాలి. అవతలివాళ్లు కబడ్డీలో రైడర్‌ని పట్టినట్టు నడుమో కాళ్లో పట్టి పడేస్తారు. వాళ్లందర్నీ తప్పించుకుని అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే దాన్ని ట్రై అంటారు. ఆ రోజుల్లో ట్రైకి 3 పాయింట్లు.

మాబ్స్ ఆడింది వింగ్‌లో. అంటే మైదానం అంచున, గీత పక్కన. మధ్యలో గుంపు పోట్లాడుకుంటుంటే వీడు అంచున కాచుకుని ఉంటాడు. బంతి అందిందంటే ఇక పరుగే. మాబ్స్ పొడగరి, బలమైన మనిషి. పట్టుకోవడానికి వచ్చినవాణ్ని చాచిన అరచేత్తో తోసేసి దూసుకుపోవడంలో దిట్ట. రగ్బీలో అది తప్పు కాదు, ఓ విద్య.

అతనేమీ రాత్రికి రాత్రి పైకి రాలేదు. ముందు ఓల్నీ, వెస్టన్ టర్క్స్, నార్తాంప్టన్ హీథెన్స్ లాంటి చిన్న క్లబ్బుల్లో ఆడాడు. 1905లో ఊరి పెద్ద క్లబ్బు నార్తాంప్టన్‌లో చోటు దొరికింది. 1880లో సెయింట్ జేమ్స్ చర్చి పాదిరి ఒకాయన పిల్లల కోసం పెట్టిన క్లబ్బు అది. అందుకే ఇప్పటికీ దాన్ని సెయింట్స్ అని పిలుస్తారు. 1907కల్లా మాబ్స్ దానికి కెప్టెనయ్యాడు. 1913 దాకా అతనే కెప్టెన్. క్లబ్బు తరఫున 234 మ్యాచ్‌ల్లో 177 ట్రైలు సాధించాడు. ప్రతి నాలుగు మ్యాచ్‌లకు మూడు ట్రైలు అన్నమాట.

ఇంత ఆడినా ఆటలో ఒక్క పైసా జీతం లేదు. ఇది మనకు వింతగా ఉంటుంది. ఆడినందుకు డబ్బు ఇవ్వాలా వద్దా అన్న గొడవ మీద 1895లో ఇంగ్లండ్ రగ్బీ రెండుగా చీలిపోయింది. పనిరోజు కూలీ పోగొట్టుకుని ఆడుతున్న గని కార్మికులు, మిల్లు కార్మికులు ఉన్న ఉత్తరాది క్లబ్బులు విడిపోయి సొంత ఆట పెట్టుకున్నాయి. అది రగ్బీ లీగ్. మాబ్స్ ఆడిన రగ్బీ యూనియన్‌లో 1995 దాకా డబ్బు నిషిద్ధం. కాబట్టి ఇంగ్లండ్ ఆటగాడైనా సరే సోమవారం పొద్దున ఉద్యోగానికి పోవాల్సిందే.

మాబ్స్ ఉద్యోగం కార్ల అమ్మకం. అతని అన్న నోయెల్ పెట్టిన పిచ్లీ ఆటోకార్ కంపెనీకి మార్కెట్ హార్‌బరో అనే ఊళ్లో బ్రాంచ్ మేనేజర్. అప్పటికి రోడ్డు మీద కారు కనబడితే జనం ఆగి చూసేవాళ్లు. ఇప్పుడు ఎలక్ట్రిక్ బండ్ల కంపెనీలో చేరడం ఎలాంటిదో అప్పుడు కార్ల కంపెనీ అలాంటిది. కొత్త రంగం. నిలబడుతుందో లేదో ఎవరికీ తెలియదు. (ఈ నోయెల్ కథ కూడా చిన్నదేం కాదు. యుద్ధం ముగిశాక స్లౌ అనే చోట సైన్యం వదిలేసిన లారీల డిపోను కొన్న వ్యాపారుల్లో అతనూ ఒకడు. ఆ డిపోయే తర్వాత పెద్ద పారిశ్రామికవాడ అయింది. దాని గురించి మరోసారి.)

ఏడు మ్యాచ్‌లు, ఒక్క కెప్టెన్సీ

1908లో ఆస్ట్రేలియా జట్టు బ్రిటన్ పర్యటనకు వచ్చింది. అదే పర్యటనలో లండన్ ఒలింపిక్స్ రగ్బీ స్వర్ణం కూడా పట్టుకుపోయిన జట్టది. ఆ టూర్ మొత్తంలో వాళ్లను ఓడించిన ఇంగ్లండ్ జట్టు ఒక్కటే. అదీ జాతీయ జట్టు కాదు, మిడ్‌లాండ్స్ ప్రాంతం నుంచి కూర్చిన జట్టు. లీసెస్టర్‌లో 16-5తో గెలిచింది. దానికి కెప్టెన్ మాబ్స్.

ఆ తర్వాత సెలెక్టర్లు ఎక్కువ రోజులు పక్కన పెట్టలేకపోయారు. 1909 జనవరిలో అదే ఆస్ట్రేలియా మీద ఇంగ్లండ్ తరఫున తొలి మ్యాచ్. ఇంగ్లండ్ 9-3తో ఓడింది. ఆ మూడు పాయింట్లూ మాబ్స్ చేసిన ట్రైవే. అంతా కలిపి ఏడు అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడాడు. ఏడోది 1910 మార్చిలో పారిస్‌లో, ఫ్రాన్స్ మీద. దానికే కెప్టెన్‌గా పెట్టారు. ఇంగ్లండ్ 11-3తో గెలిచింది. ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ కూడా ఇంగ్లండ్‌దే, 1892 తర్వాత మొదటిసారి.

గెలిచిన కెప్టెన్‌ను మళ్లీ జట్టులోకి తీసుకోలేదు. అప్పటికి అతనికి 27 ఏళ్లు. మాబ్స్ తన క్లబ్బుకు తిరిగొచ్చి మరో మూడేళ్లు కెప్టెన్‌గా ఆడాడు. 1913లో ఆట నుంచి తప్పుకుని కార్ల వ్యాపారం చూసుకుంటున్నాడు. కథ అక్కడితో ఆగిపోతే నార్తాంప్టన్‌లో పాత ఆటల ముచ్చట్లు చెప్పుకునేవాళ్లకు తప్ప అతనెవరో ఎవరికీ తెలిసేది కాదు.

ఒక్కడు వెళ్లి.. ఊరిని వెంట తెచ్చి

1914 ఆగస్టు 4న బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. బ్రిటన్ దగ్గర నౌకాదళం పెద్దదే గానీ పదాతి సైన్యం చిన్నది. యుద్ధ మంత్రి కిచెనర్ లక్ష మంది వాలంటీర్లు కావాలని పిలుపునిచ్చాడు. మొదట 19 నుంచి 30 ఏళ్ల వాళ్లనే రమ్మన్నారు. ఆగస్టు చివర్లో సిపాయిలకు పరిమితిని 35కు పెంచారు. బలవంతపు సైనిక సేవ చట్టం 1916లో గానీ రాలేదు. అప్పటిదాకా చేరినవాళ్లంతా పేరుకు ఇష్టపడి చేరినవాళ్లే.

పేరుకు అని ఎందుకంటున్నానంటే, ఆ ఇష్టం వెనక ఒత్తిడి తక్కువేం కాదు. యూనిఫాం లేకుండా తిరిగే కుర్రాళ్లకు వీధిలో అమ్మాయిలు తెల్ల ఈక చేతిలో పెట్టేవాళ్లు. పిరికివాడివి అని దానర్థం. యుద్ధం జరుగుతుంటే ఫుట్‌బాల్ లీగ్ ఆటలు ఆపలేదని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. రగ్బీ యూనియన్ మాత్రం మ్యాచ్‌లు రద్దు చేసి ఆటగాళ్లను సైన్యంలో చేరమంది.

మాబ్స్ ఆఫీసర్ హోదాకు దరఖాస్తు పెట్టాడు. మనకు సీడీఎస్, ఎన్‌డీఏ దారిలో వచ్చే కమిషన్ లాంటిది. చదువు, పేరు, జట్టును నడిపిన అనుభవం అన్నీ ఉన్నాయి. వయసు ఒక్కటే అడ్డమైంది. ఇక్కడ చాలామంది చేసేది ఒకటే. తెలిసినవాళ్లను పట్టుకోవడం, సిఫార్సు లేఖ తెచ్చుకోవడం. మాబ్స్ లాంటివాడికి అది కష్టమైన పనేం కాదు.

అతను మామూలు సిపాయిగా చేరిపోయాడు. సైన్యం నిచ్చెనలో అన్నిటికన్నా కింది మెట్టు. ఇంగ్లండ్ మాజీ కెప్టెన్, కంపెనీ మేనేజర్ వెళ్లి ప్రైవేట్ ర్యాంకులో నిలబడ్డాడు. తానొక్కడే చేరి ఊరుకోలేదు. నాతో రండి అని ఊళ్లో ఆటగాళ్లకూ అభిమానులకూ కబురు పెట్టాడు. కొద్ది రోజుల్లోనే 250 మందికి పైగా కదిలారు. రగ్బీ ఆడినవాళ్లు, ఆట చూడ్డానికి వచ్చేవాళ్లు, బూట్ల ఫ్యాక్టరీల కుర్రాళ్లు. సైన్యంలో ఒక కంపెనీ అంటే దాదాపు అంతే మంది. నార్తాంప్టన్‌షైర్ రెజిమెంట్ ఏడో బెటాలియన్‌లో వాళ్లందర్నీ ఒకే కంపెనీగా చేర్చుకున్నారు. జనం ఆ కంపెనీని మాబ్స్ ఓన్ అనేవాళ్లు. మాబ్స్ సొంత దళం అన్నమాట.

అప్పట్లో బ్రిటన్ అంతటా ఇలాంటి దళాలు పుట్టాయి. ఒకే వీధి వాళ్లు, ఒకే ఆఫీసు వాళ్లు, ఒకే క్లబ్బు వాళ్లు కలిసి చేరితే కలిసే ఉంచుతామని ప్రభుత్వం మాటిచ్చింది. వాటిని పాల్స్ బెటాలియన్లు అనేవాళ్లు. పాల్స్ అంటే దోస్తులు. రిక్రూట్‌మెంట్‌కు ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. పక్కింటి కుర్రాడు చేరాక నువ్వెలా ఆగుతావ్? దాని అసలు ధర మాత్రం తర్వాత తెలిసింది. 1916 జులై 1న సోమ్ యుద్ధంలో ఆక్రింగ్టన్ అనే చిన్న ఊరి దోస్తుల దళం దాడికి వెళ్లింది. 700 మందికి పైగా వెళితే 580 మందికి పైగా చనిపోవడమో, గాయపడటమో, గల్లంతవడమో జరిగింది. ఒక్క ఉదయంలో. కలిసి చేరినవాళ్లు కలిసే పోయారు. ఒకే వీధిలో ఇన్నిళ్లకు ఒకేసారి టెలిగ్రాములు వచ్చాయి.

లూస్

ఏడో బెటాలియన్ ఏడాది పాటు శిక్షణ పొంది 1915 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లో దిగింది. అక్కడికి చేరి నెల కూడా కాలేదు. ట్రెంచ్ అంటే ఎలా ఉంటుందో సరిగ్గా తెలియదు. అంతలోనే లూస్ యుద్ధం వచ్చిపడింది. వాళ్ల డివిజన్‌ను రిజర్వులో ఉంచామని చెప్పి, రాత్రుళ్లు మైళ్లకు మైళ్లు నడిపించి, అలిసిపోయి ఉన్నవాళ్లను నేరుగా పోరులోకి పంపారు. ఫోస్ 8 అనే బొగ్గు గని దగ్గర వీళ్ల బ్రిగేడ్‌ను పెట్టారు. చుట్టూ గని తవ్విపోసిన మట్టి దిబ్బ, వాన, తూటాలు. నార్తాంప్టన్ నుంచి వచ్చినవాళ్లకు నష్టం ఘోరంగా జరిగింది.

దీని మీద సైనిక చరిత్రకారులు ఇప్పటికీ తిట్టుకుంటారు. కొత్త దళాలను అలా వాడటం తప్పేనని చాలామంది ఒప్పుకుంటారు. బ్రిటిష్ సేనాని సర్ జాన్ ఫ్రెంచ్ ఆ ఏడాది చివర్లో పదవి పోగొట్టుకోవడానికి లూస్‌లో రిజర్వులను నడిపిన తీరు ఒక కారణం.

మాబ్స్ బతికి బయటపడ్డాడు. అప్పటికే అతను సిపాయి కాదు, ఆఫీసర్ హోదాకు ఎదిగాడు. వయసు మించిందన్న సైన్యమే అతనికి వరసగా ప్రమోషన్లు ఇచ్చింది. 1916 వసంతానికల్లా లెఫ్టినెంట్ కల్నల్. బెటాలియన్ మొత్తం అతని కమాండ్ కిందికి వచ్చింది. సిపాయిగా చేరినవాడు రెండేళ్లు నిండకుండానే బెటాలియన్ కమాండర్. మామూలు రోజుల్లో దీనికి ఇరవై ఏళ్లు పడుతుంది.

కెరీర్ పేజీలో ఈ వాక్యం చదివితే ఉత్సాహంగానే ఉంటుంది. కానీ ఆ వేగానికి కారణమేంటో కూడా చూడాలి కదా. మాబ్స్ సమర్థుడే, అందులో అనుమానం లేదు. దాంతోపాటు పై కుర్చీలు అంత త్వరగా ఖాళీ అయ్యాయి. ఖాళీ ఎలా అయ్యాయో చెప్పనక్కర్లేదు. అతను నడిపించాల్సినవాళ్లు ఎవరో ముక్కూమొహం తెలియని సైనికులూ కాదు. తన మాట మీద వచ్చినవాళ్లు. ఎవరి అమ్మ ఎక్కడుంటుందో, ఎవరు ఏ ఫ్యాక్టరీలో చేసేవారో తెలిసినవాళ్లు.

నాయకత్వం గురించి మనం చదివే పుస్తకాల్లో జనాన్ని కూడగట్టడం ఎలాగో ఉంటుంది. నిన్ను నమ్మి వచ్చినవాడికి ఏమన్నా అయితే మర్నాడు పొద్దున లేచి ఎలా పనిచేయాలో ఉండదు. మాబ్స్ దీని గురించి మనసులో ఏమనుకున్నాడో మనం ఊహించకూడదు. అతను చేసిందేమిటో మాత్రం తెలుసు. గాయపడ్డ ప్రతిసారీ మళ్లీ బెటాలియన్ దగ్గరికే తిరిగి వచ్చాడు. 1916 ఆగస్టులో సోమ్ రంగంలో గిల్‌మాంట్ దగ్గర గుండు పెంకులు తగిలాయి. కోలుకుని తిరిగి వెళ్లాడు. 1917 కొత్త సంవత్సరం రోజున అతనికి డీఎస్‌ఓ పతకం ప్రకటించారు. ఆ ఏడాది జూన్‌లో మెసీన్ యుద్ధంలో మళ్లీ గాయం. మళ్లీ తిరిగి వెళ్లాడు. 35 ఏళ్ల మనిషి, రెండేళ్లుగా యుద్ధరంగంలో ఉన్నవాడు, ఇంటి దగ్గర ఓ శిక్షణ ఉద్యోగం అడిగి ఉంటే కాదనేవాళ్లు ఉండరేమో. అది నా ఊహే.

అతను రగ్బీ బంతిని శత్రువు వైపు తన్ని, దాని వెంట తన వాళ్లను దాడికి తీసుకెళ్లేవాడని ఓ కథ బాగా ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది. ఇంకో దళం సైనికులు సోమ్‌లో ఫుట్‌బాళ్లు తన్నుకుంటూ వెళ్లిన సంగతి నిజమే. మాబ్స్ విషయంలో మాత్రం దీన్ని కథగానే ఉంచుదాం. అతని చివరి రోజు గురించి గట్టిగా తెలిసిన సంగతి ఒకటుంది. దాని ముందు ఈ బంతి కథ తేలిపోతుంది.

చివరి చీటీ

1917 జులై 31. బెల్జియంలోని ఈప్ర నగరం చుట్టూ మూడో పెద్ద యుద్ధం మొదలైన రోజు. చరిత్రలో ఇది పాషెండేల్ పేరుతో నిలిచింది. ఆ రోజే వాన పట్టుకుంది. ఫిరంగి గుళ్లకు నేలంతా గుంటలై ఉంది, కాలవలు తెగిపోయి ఉన్నాయి. వాన నీళ్లు నిలిచి తర్వాతి నెలల్లో ఆ నేల మనుషుల్ని, గుర్రాల్ని మింగేసే ఊబి అయింది.

ఏడో నార్తాంప్టన్‌షైర్ బెటాలియన్ జిల్లెబెక అనే ఊరి దగ్గర దాడిలో ఉంది. మామూలుగా బెటాలియన్ కమాండర్ వెనక హెడ్‌క్వార్టర్స్‌లో ఉండి ముందు నుంచి వచ్చే సమాచారాన్ని బట్టి ఆదేశాలిస్తాడు. సమాచారం ఎలా వస్తుంది? టెలిఫోన్ తీగలు గుళ్లకు తెగిపోయేవి. ఇక మిగిలింది రన్నర్లే. చీటీ చేతిలో పట్టుకుని తూటాల మధ్య పరుగెత్తే సిపాయిలు. ముందు ఓ మెషిన్‌గన్ స్థావరం దాడిని ఆపేసిందని తెలిసింది. మాబ్స్ వెనక కూర్చోలేదు. తానే ముందుకు వెళ్లి ఆ మెషిన్‌గన్ మీదికి దూకే ప్రయత్నం చేశాడు. మెడకు తూటా తగిలింది.

ఓ ఫిరంగి గుంటలో పడి ఉన్నాడు. ఆ స్థితిలోనే కాగితం తీసి, ఆ మెషిన్‌గన్ ఎక్కడుందో మ్యాప్ గుర్తులతో రాశాడు. చీటీ మడిచి రన్నర్ చేతికిచ్చి వెనక్కి పంపించాడు. అదే అతని చివరి పని. గన్ ఉన్నచోటు తెలిస్తే వెనకున్న ఫిరంగులు దాన్ని గురిపెట్టగలవు, తర్వాత వచ్చేవాళ్లు దాన్ని చుట్టుముట్టగలరు. తెలియకపోతే వాళ్లూ అదే తూటాలకు ఎదురెళ్తారు.

శరీరం దొరకలేదు. అదే యుద్ధంలో అక్టోబరులో న్యూజిలాండ్ ఆల్‌బ్లాక్స్ తొలి గొప్ప కెప్టెన్ డేవ్ గాలహర్ కూడా చనిపోయాడు. 1914లో ఇంగ్లండ్‌కు కెప్టెన్‌గా ఉన్న రోనాల్డ్ పౌల్టన్ అంతకుముందే, 1915లో, పోయాడు. ఆ యుద్ధంలో చనిపోయిన అంతర్జాతీయ రగ్బీ ఆటగాళ్ల లెక్క వంద దాటుతుంది. ఆట నేర్పినవాళ్లే లేక కొన్ని క్లబ్బులు 1919లో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

మాబ్స్‌కు సమాధి లేదు కాబట్టి అతని పేరు ఈప్రలోని మెనిన్ గేట్ మీద చెక్కారు. 1927లో ప్రారంభించిన ఆ పెద్ద తోరణం మీద శవం దొరకని 54 వేల మందికి పైగా సైనికుల పేర్లున్నాయి. వాటిలో మన దేశం నుంచి వెళ్లినవాళ్ల పేర్లు కూడా 400కు పైగా ఉన్నాయి. 1914 అక్టోబరులోనే భారత సైన్యం ఈప్ర చేరింది. విక్టోరియా క్రాస్ అందుకున్న మొదటి భారతీయ సైనికుడు ఖుదాదాద్ ఖాన్ పోరాడిన హోలెబెక, మాబ్స్ పడిపోయిన చోటికి పెద్ద దూరం కాదు. అతనూ మెషిన్‌గన్ దగ్గర ఉన్నవాడే. రోజూ రాత్రి 8 గంటలకు ఆ తోరణం కింద ఊరి అగ్నిమాపక దళం వాళ్లు లాస్ట్ పోస్ట్ బాకా ఊదుతారు. అప్పుడు రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు.

నార్తాంప్టన్‌లో మాబ్స్ పిలుపు మీద చేరినవాళ్లు అందరూ కలిపి 400 మంది అని, తిరిగొచ్చింది 85 మందే అని ఊళ్లో చెప్పుకుంటూ వచ్చారు.

ఫిబ్రవరిలో ఒక మ్యాచ్

యుద్ధం అయిపోయాక ఇంగ్లండ్‌లో ప్రతి ఊరూ ఓ స్మారక స్తంభం కట్టింది. నార్తాంప్టన్‌లో మాబ్స్‌కు ప్రత్యేకంగా ఒకటి కట్టారు. అతన్ని ఇష్టపడినవాళ్ల విరాళాలతో శిల్పి ఆల్‌ఫ్రెడ్ టర్నర్ చేసిన ఆ స్మారకాన్ని 1921లో మార్కెట్ స్క్వేర్‌లో ఆవిష్కరించారు. దాని మీద ఓ కంచు ఫలకంలో రగ్బీ ఆట, ఇంకో ఫలకంలో యుద్ధం. 1937లో దాన్ని అబింగ్టన్ స్క్వేర్‌కు మార్చారు.

అయితే ఊరు అతన్ని ఎక్కువగా తలుచుకున్నది రాతి ముందు నిలబడి కాదు, మైదానంలో. 1921 ఫిబ్రవరి 10న నార్తాంప్టన్‌లోని ఫ్రాంక్లిన్స్ గార్డెన్స్‌లో తొలి మాబ్స్ మెమోరియల్ మ్యాచ్ జరిగింది. ఒకవైపు ఆ ప్రాంతపు ఆటగాళ్లతో కూర్చిన ఈస్ట్ మిడ్‌లాండ్స్ జట్టు. రెండోవైపు బార్బేరియన్స్. ఈ బార్బేరియన్స్ గురించి ఒక మాట చెప్పాలి. వాళ్లకు సొంత గ్రౌండ్ లేదు, ఆఫీసు లేదు. ఆహ్వానిస్తేనే అందులో ఆడాలి. నలుపు తెలుపు చారల జెర్సీ అందరిదీ ఒకటే గానీ, సాక్సు మాత్రం ఎవరి క్లబ్బువి వాళ్లు వేసుకుంటారు. బతికుండగా మాబ్స్ కూడా ఆ జెర్సీ వేసుకుని ఆడినవాడే.

టికెట్ డబ్బు ఎవరి జేబులోకీ పోలేదు. ఆ ప్రాంతంలో కుర్రాళ్ల ఆటకు ఖర్చుపెట్టాలని మాబ్స్ పేరుతో నిధి పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధ సంవత్సరాల్లో తప్ప ఈ మ్యాచ్ దాదాపు ప్రతి ఏడాదీ నడిచింది. దశాబ్దాల పాటు రగ్బీ సీజన్లో అందరికీ తెలిసిన తేదీ అది. పెద్ద పెద్ద ఆటగాళ్లు పని మానుకుని, పైసా తీసుకోకుండా వచ్చి ఆడి వెళ్లేవాళ్లు.

1995లో రగ్బీ యూనియన్‌లోకి జీతాలు వచ్చాయి. ఆటగాళ్లకు అది న్యాయమే, ఆలస్యంగా వచ్చింది. కానీ జీతమిచ్చే క్లబ్బు తన ఆటగాణ్ని వారం మధ్యలో ఓ ఛారిటీ మ్యాచ్‌కు ఎందుకు వదులుతుంది? గాయమైతే నష్టమెవరిది? బార్బేరియన్స్‌కు మంచి జట్టును కూర్చడం ఏటేటా కష్టమైంది. 2011లో వాళ్లు చివరిసారి ఆ మ్యాచ్ ఆడారు. 90 ఏళ్ల ఆనవాయితీ అక్కడితో ముగిసిపోతుందనే అనుకున్నారు.

ముగియలేదు. 2012 నుంచి బార్బేరియన్స్ స్థానంలో బ్రిటిష్ ఆర్మీ జట్టు వచ్చింది. ఉద్యోగరీత్యా సైనికులైనవాళ్లు సెలవు పెట్టుకుని వచ్చి ఆడే జట్టు. అవతల ఒక ఏడాది నార్తాంప్టన్, మరో ఏడాది బెడ్‌ఫర్డ్. ఒకటి మాబ్స్ ఆడిన ఊరు, రెండోది చదువుకున్న ఊరు. బార్బేరియన్స్‌తో పోలిస్తే ఇందులో స్టార్లు తక్కువ. నాకైతే ఈ ఏర్పాటే ఎక్కువ సబబుగా అనిపిస్తుంది. మాబ్స్ చివరికి ఏ యూనిఫాంలో పోయాడో ఆ యూనిఫాం వాళ్లే అతని కోసం మైదానంలోకి దిగారు. టికెట్ల మీద వచ్చిన డబ్బు మొదట్లో అనుకున్నట్టే పిల్లల రగ్బీకి వెళ్లింది. మాబ్స్ మొదట ఆడిన ఓల్నీ లాంటి చిన్న ఊళ్ల క్లబ్బులకు బంతులు, జెర్సీలు కూడా ఊరికే రావు మరి.